ఇచ్చట తప్పులు చేర్చబడును

పిల్లల్ని రచయితలుగా తీర్చిదిద్దాలంటే ముందుగా చేయవలసిన పని, వాళ్ళ చేతిలోంచి కలం లాక్కోవడం.

కోప్పడకండి. ఈ పని మనం ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాం. కాకపోతే ఇన్నాళ్ళూ ఎవరింట్లో వాళ్ళం, చేతనైనట్టు, ఒక పద్ధతీ పాడూ లేకుండా చేశాం. ఇప్పుడు దానికి ఒక సంస్థ వచ్చింది. రిజిస్ట్రేషన్ నంబరుంది. లెటర్‌హెడ్ ఉంది. లోగోలో ఒక పెన్సిలూ, దాని మొన మీద వాలి ఏ గాయమూ తగలని ఒక సీతాకోకచిలుకా ఉన్నాయి. విద్యార్థుల రచనల్ని అచ్చు వేయించడంలో టీచర్లకు తోడ్పడడం ఈ సంస్థ ఆశయం. అందులో నేను ఉద్యోగిని. కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉండదని మీరు ధైర్యంగా నమ్మవచ్చు.

ముందు నా సంగతి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. పాఠ్యపుస్తకాలు, టెలిఫోన్ డైరెక్టరీలు, మందుసీసాల లేబుళ్ళు, అన్నీ చూశాను. రిటైరయ్యాక మనిషి ఊరుకున్నాడు గానీ కన్ను ఊరుకోలేదు. మా ఆవిడ రాసిన సరుకుల చీటీలో ఎర్ర పెన్నుతో ఒత్తులు దిద్దాను. ఒకసారి ఓర్చుకుంది. రెండోసారి ఓర్చుకుంది. మూడోసారి చీటీ నా చేతిలో పెట్టి, "తప్పుల్లేని చీటీ మీరే రాసుకోండి, తప్పుల్లేని సరుకులు మీరే తెచ్చుకోండి, తప్పుల్లేని వంట కూడా మీరే చేసుకోండి" అంది.

ఆ మూడో మాట దగ్గర, నాకు తక్షణం ఒక ఉద్యోగం అవసరమని అర్థమైంది.

నా మేనకోడలు ఏడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. సమయానికి ఆ పిల్లే ఆదుకుంది. "మామయ్యా, మా పిల్లల రచనలు పుస్తకంగా వేసే సంస్థ ఒకటుంది. అక్కడ తప్పులు చూసేవాళ్ళు కావాలట. వెళ్తావా?" అని అడిగింది. నేను చెప్పులు వేసుకుంటూ "ఎక్కడ?" అన్నాను.

టైర్ల షాపు పైన రెండో అంతస్తు. రెండు గదులు. ముందు గదిలో చేపల తొట్టె. అందులో నీళ్ళున్నాయి, రంగురాళ్ళున్నాయి, బుడగలున్నాయి. చేపలు లేవు. "వస్తాయి" అన్నారు డైరెక్టర్ మేడమ్. వెనక గదిలో డీటీపీ ఆపరేటరు. యాభై దాటిన మనిషి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అతను అక్షరాలు చూస్తాడు తప్ప మాటలు చూడడు. ఆ వృత్తిలో అది సుగుణం.

మేడమ్ నాకొక కట్ట ఇచ్చారు. ఎర్ర పెన్ను తీసి కూర్చున్నాను. మొదటి పేజీలో తప్పు లేదు. రెండో పేజీలో లేదు. పదో పేజీలో లేదు! "సాయంసంధ్య నా హృదయవీణపై మౌనరాగాన్ని మీటగా, నేను నాలోకి నేనే ప్రవహించాను" అని రాసి ఉంది. కింద రచయిత వివరాలు: అయిదో తరగతి, బి సెక్షన్.

ఒత్తు ఒక్కటి జారలేదు. దీర్ఘం ఒక్కటి తప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా ఎర్ర పెన్ను మూత తీసి, ఏమీ రాయకుండా మళ్ళీ మూత పెట్టింది ఆ రోజే.

"మేడమ్, వీటిలో తప్పుల్లేవండీ" అన్నాను, ఓడిపోయినవాడిలా.

"అదే కదండీ మా సమస్య!" అన్నారావిడ.

తర్వాత ఆవిడ ఓపిగ్గా వివరించారు. టీచర్లు పిల్లల్ని రాయమంటారు. పిల్లలు ఇంటికెళ్ళి చెబుతారు. తండ్రులు రాస్తారు. తీరికలేని తండ్రులు ట్యూషన్ మాస్టారుకి అప్పగిస్తారు. తీరికలేని ట్యూషన్ మాస్టారు ఫోనుకి అప్పగిస్తాడు. అంతా శ్రద్ధగా రాస్తారు. తీరా పుస్తకం వచ్చాక, ఇవి పిల్లలు రాసినట్టు లేవని కొందరు చెడ్డవాళ్ళు అంటున్నారు.

"మీకు తప్పుల్లో ముప్పై ఏళ్ళ అనుభవముంది. వీటికి కొంచెం బాల్యం చేర్చండి" అన్నారు మేడమ్.

అలా నేను బాల్యం చేర్చే పనిలో కుదిరాను.

తేలికనుకుంటున్నారా? తప్పు దిద్దడం ఎవరైనా చేస్తారు. ముద్దొచ్చే తప్పు పెట్టడానికి చెయ్యి తిరగాలి! పేజీకి మూడు తప్పులు నా లెక్క. నాలుగైతే టీచరుకి చెడ్డపేరు. రెండైతే తండ్రి బయటపడతాడు. 'పిల్లలు' అన్నచోట 'పిళ్ళలు' చేస్తాను. 'భయం'ని 'బయం' చేస్తాను. దాంతో సగం భయం పోతుంది. మరీ పండితుడైన తండ్రి దొరికితే వాక్యం మధ్యలో "మా కుక్కకి తోక ఉంది" అని ఒకటి దూరుస్తాను. చదివినవాళ్ళు కరిగిపోతారు.

ఒకసారి ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే ఒక తండ్రి ఫోన్ చేశాడు. మండిపడుతున్నాడు.

"నా వ్యాసంలో... అదే, మా వాడి వ్యాసంలో 'హృదయం'కి వట్రసుడి ఎవరు పీకేశారండీ?"

"వయసుకి తగ్గట్టు ఉండాలని..."

"ఆ మాట నేను డిక్షనరీ చూసి మరీ రాశానండీ!"

ఆలోచించండి. నలభై అయిదేళ్ళ వయసులో, పాలసీల మధ్య నలిగిపోతున్న ఒక మనిషి, ఒక్క మాట కోసం డిక్షనరీ తెరిచాడు. ఈ సంస్థే లేకపోతే ఆ తండ్రి చదువు సంగతి ఏమయ్యేది? పెద్దలకు విద్య అంటూ ఎన్నో పథకాలు వచ్చిపోయాయి. ఇంత ఫలితం దేనికైనా వచ్చిందా?

ఇంకోసారి ఒక స్కూలు నుంచి నలభై వ్యాసాలు వచ్చాయి. నలభై మంది పిల్లలకూ ఒకే ఉదయం, ఒకే కిటికీలోంచి, ఒకే పిచ్చుక కనిపించింది. అది అందరికీ ఒకే పాఠం చెప్పి ఎగిరిపోయింది. పాపం, ఎంత శ్రమపడిందో! ఫోన్ల దయ అని నాకు తెలియకపోలేదు. మొదటి పిల్లకి పిచ్చుకని ఉంచి, రెండోవాడికి కాకిని, మూడో పిల్లకి పావురాన్ని ఇచ్చుకుంటూ పోయాను. నలభయ్యోవాడి దగ్గరికి వచ్చేసరికి నాకు తెలిసిన పక్షులు అయిపోయాయి. వాడికి గబ్బిలాన్ని ఇచ్చాను. పొద్దున్నే కిటికీ మీద వాలి, నిటారుగా నిలబడి, కష్టపడి పనిచేయమని బోధించే గబ్బిలం. సృజనాత్మకతకు ప్రథమ బహుమతి వాడికే వచ్చింది.

ఇలా అంతా చల్లగా సాగిపోతుండగా, నా మేనకోడలి క్లాసు నుంచి ఒక కట్ట వచ్చింది. అంశం 'మా ఇల్లు'. ముప్పై రెండు తెల్లటి టైపు కాగితాలు. వాటి మధ్య నోట్‌బుక్కులోంచి చింపిన ఒక రూళ్ళ కాగితం. పెన్సిలు రాత. దాని మీద సాక్షాత్తూ తప్పులు! నేను పెట్టనివి!

కళ్ళజోడు తుడుచుకుని చదివాను. మీరూ చదవండి.

"మా ఇంట్లో నేను మాటలు మోస్తాను. అమ్మా నాన్నా మాట్లాడుకోరు. పదహారు రోజులైంది. అమ్మ వంటింట్లో ఉంటుంది. నాన్న ముందు గదిలో ఉంటాడు. మధ్యలో పన్నెండు అడుగులు. లెక్కపెట్టాను.

మొదట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. గొడవ పెద్దదయ్యేది. అందుకని ఇప్పుడు మార్చి చెబుతున్నాను. కూరలో ఉప్పు వేయడం మీ అమ్మకి ఎవరూ నేర్పలేదా అని అడగమంటాడు నాన్న. నేను వెళ్ళి, నాన్నకి కూర నచ్చింది, రేపు ఇంకొంచెం ఉప్పు వేస్తే ఇంకా నచ్చుతుందట అంటాను. ఎప్పుడొస్తే నాకేంటి, ఎక్కడికి పోతే నాకేంటి అని చెప్పమంటుంది అమ్మ. నేను వెళ్ళి, త్వరగా రమ్మంది అంటాను. ఆ రోజు నాన్న త్వరగా వచ్చాడు. వచ్చి ఏమీ మాట్లాడలేదు.

పన్నెండు అడుగుల్లోపల మార్చేసుకోవాలి. చాలా కష్ఠం. హోంవర్కు మద్యలో లేవాలి.

నిన్న నాన్న ఒక మాట చెప్పమన్నాడు. పన్నెండు అడుగులూ నడిచాను. ఎలా మార్చాలో తెలియలేదు. ఏమన్నారు అని అమ్మ అడిగింది. ఏమీ అనలేదు అన్నాను. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది."

అంతే. అక్కడితో అయిపోయింది. నీతి లేదు.

వృత్తిరీత్యా తప్పులు గుర్తించాను. 'మధ్య' రాయబోయి 'మద్య' రాసింది. 'కష్టం'లో ఒత్తు ఉండవలసినదానికంటే బరువుగా పడింది. పెన్ను ఎత్తాను. దించాను. ఆ ఒత్తు అలాగే ఉండాలనిపించింది.

టైపు చేయించి, ప్రూఫు తీయించి, మేడమ్‌కి చూపించాను. ఆవిడ నాలుగు వాక్యాలు చదివి ఆగిపోయారు.

"తల్లిదండ్రులు మాట్లాడుకోరా? గైడ్‌లైన్స్ ఇచ్చాం కదండీ!"

గైడ్‌లైన్స్ గోడకే అంటించి ఉన్నాయి. రచన సంతోషంగా ఉండాలి. నీతితో ముగియాలి. జబ్బులు, గొడవలు, కన్నీళ్ళు ఉండరాదు. ఆనందబాష్పాలకు మినహాయింపు ఉంది.

"కుందేళ్ళని చేసేయండి" అన్నారు మేడమ్.

"ఎవర్నండీ?"

"అమ్మానాన్నల్ని. కుందేళ్ళయితే ఎవరూ నొచ్చుకోరు. చివర్లో రెండూ కలిసి ఒక క్యారెట్టు తింటాయి. నీతి దానంతటదే వచ్చేస్తుంది."

ఎంత దూరాలోచన! మనుషులకి వచ్చే సగం చిక్కులు వాళ్ళు కుందేళ్ళు కాకపోవడం వల్ల వచ్చినవే. ప్రూఫు మీద ఒక్కో వాక్యమూ ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కనున్న ఖాళీలో రెండు కుందేళ్ళ కథ రాశాను. క్యారెట్టు పేరా మీద నాకిప్పటికీ కాస్త గర్వం ఉంది.

ఈలోగా మేనకోడలు ఆ పిల్ల చేత సమ్మతి పత్రం ఇంటికి పంపింది. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకాలు చేయాలి. పిల్ల రాసినదాని నకలు కూడా జత చేసి పంపింది. తండ్రి "సంతకం ఎక్కడ?" అని అడిగాడట. తల్లి "మీ నాన్న పెట్టారా? అయితే ఆ కింద పెట్టను, పక్కన పెడతాను" అందట. జత చేసినదేమిటని ఇద్దరూ అడగలేదు. పత్రం మర్నాడే తిరిగొచ్చింది. సంతకాలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి తాకకుండా.

రచయితకి ప్రూఫు చూపించడం ప్రెస్సు మర్యాద. ఆ అలవాటు కొద్దీ ఒక మధ్యాహ్నం స్కూలుకి వెళ్ళాను. స్టాఫ్ రూములో మేనకోడలు కాపీలు దిద్దుతోంది. ఆ పిల్ల వచ్చి బల్లకి అవతల నిలబడింది. సన్నగా ఉంది. అరచేతి అంచున పెన్సిలు మరక. మూడో బెంచీ అట. ప్రూఫు ఇచ్చాను. కొట్టివేతల మధ్య, ఎర్ర అక్షరాల మధ్య తల అటూ ఇటూ తిప్పి మొత్తం చదివింది.

"తాతగారూ, ఇందులో మా అమ్మానాన్న ఏరీ?"

"వీళ్ళేనమ్మా. ఈ కుందేళ్ళు."

"కుందేళ్ళు మాట్లాడుకోవు కదా. వాటికి గొడవెలా వస్తుంది?"

క్యారెట్టు పేరా వైపు వేలు చూపించాను.

ఆ పిల్ల మళ్ళీ ఎర్ర అక్షరాల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. కోపం లేదు. నాలాంటి పని చేసేవాళ్ళు ఇంకొకరున్నారే అన్న ఆశ్చర్యం మాత్రం ఉంది.

"మీరు కూడా మార్చి చెబుతారా?" అంది. "గొడవ పెద్దదవకుండా?"

మేనకోడలి పెన్ను ఆగిపోయింది.

"నువ్వు రాసింది ఉన్నదున్నట్టు వేస్తే... అందరూ చదువుతారమ్మా."

"మా ఇంట్లో చదువుతారా?"

"అది చెప్పలేను."

"అయితే మార్చకండి తాతగారూ. ఒక్కదాన్నే మోయలేకపోతున్నా" అంది. బెల్లు కొట్టారు. వెళ్ళిపోయింది.

మేనకోడలు తలెత్తకుండానే "మామయ్యా, నీ ఇష్టం. టీచరుగా నా పేరు బయటికొచ్చినా ఫర్వాలేదు" అంది.

ప్రెస్సు భాషలో ఒక గుర్తుంది. పొరపాటున కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టి, పక్కన 'స్టెట్' అని రాస్తే, కొట్టివేతని పట్టించుకోకు, ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలెయ్ అని అర్థం. ఆ సాయంత్రం ఆ పేజీలో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చుక్కలు పెట్టాను. కుందేళ్ళ మీద అడ్డగీత గీశాను. క్యారెట్టు దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగిన మాట వాస్తవం. విషయసూచికలో మాత్రం 'రెండు కుందేళ్ళు, పేజీ 47' అని అలాగే ఉంచాను. ఎందుకంటే మేడమ్ విషయసూచిక తప్పకుండా చూస్తారు.

డీటీపీ ఆపరేటరు చుక్కలు చూశాడు, గుర్తు చూశాడు, చెప్పినట్టు చేశాడు. ఒత్తు బరువు కూడా తగ్గించలేదు.

ఆవిష్కరణ సభ రోజు జేబులో రాజీనామా పత్రం పెట్టుకుని వెళ్ళాను. అందులో తప్పుల్లేకుండా రెండుసార్లు చూసుకున్నాను. హాలు నిండింది. తండ్రులు తాము రాసిన పేజీలు తెరిచి చదువుకుంటున్నారు. కొందరికి కళ్ళు చెమర్చాయి. తల్లులు పిల్లల ఫొటోలు చూస్తున్నారు. మూడో బెంచీ పిల్ల తల్లి ఎడమవైపు చివర, తండ్రి కుడివైపు చివర కూర్చున్నారు. పిల్ల మధ్యలో, ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని లేకుండా, హాయిగా ఫ్యాను వంక చూస్తోంది.

ముఖ్య అతిథి లేచారు. విషయసూచిక తెరిచారు. నా చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"ఇందులో ప్రతి రచనా ఆణిముత్యమే. కానీ మరీ ముఖ్యంగా, ఆ రెండు కుందేళ్ళ కథ! చదువుతుంటే నాకు నా బాల్యం గుర్తొచ్చింది. ఎంత చక్కటి నీతి! కంటతడి పెట్టించింది" అన్నారు.

విషయసూచికలో తప్ప ఆ పుస్తకం మొత్తం వెతికినా ఒక్క కుందేలు లేదు.

మేడమ్ నా వైపు తిరిగి మెచ్చుకోలుగా తలూపారు. నేను చెయ్యి జేబులోంచి తీసి చప్పట్లు కొట్టాను.

వారం చూశాను. నెల చూశాను. నాలుగు వందల కాపీలు స్కూళ్ళకి, లైబ్రరీలకి, అధికారుల బల్లల మీదికి వెళ్ళాయి. ఒక్క ఉత్తరం లేదు. ఒక్క ఫోన్ లేదు. ఆఖరికి ఆ ఇన్సూరెన్స్ తండ్రి కూడా, తన పేజీకి పక్క పేజీయే అయినా, నోరెత్తలేదు!

మూడు నెలల తర్వాత కొత్త సంకలనం పని మీద మళ్ళీ స్కూలుకి వెళ్ళాను. ఆ పిల్లే ఎదురొచ్చింది.

"చదివారా?" అని అడిగాను. ఎవరని చెప్పనక్కర్లేకపోయింది.

"నాన్న నా ఫొటో చూద్దామని తీశాడు. ఫొటో పక్కనే ఉంది కదా, చదివేశాడు. తర్వాత నన్ను పిలిచి 'మీ అమ్మకి చెప్పు' అన్నాడు. అని ఆగిపోయాడు. పుస్తకం బల్ల మీద అలా తెరిచే వదిలేసి బయటికెళ్ళాడు."

"అమ్మ?"

"సర్దుతూ చూసింది. నిలబడే చదివింది. 'ఆ మాటేంటి?' అని నన్నడిగింది. 'నాన్ననే అడుగు' అన్నాను."

"అడిగిందా?"

"అడిగింది! ఆదివారం పొద్దున. నేరుగా! రెండు గంటలు అరుచుకున్నారు తాతగారూ. పక్కింటివాళ్ళు వినడానికి టీవీ ఆపేశారు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఇప్పుడూ అరుచుకుంటారు. ఒక్కోరోజు నవ్వుకుంటారు. ఏదైనా వాళ్ళే చేసుకుంటున్నారు. నా లెక్కలు టైముకి అయిపోతున్నాయి."

"మరి కలిసే ఉంటారంటావా?"

"ఏమో. అది వాళ్ళ హోంవర్కు" అంది. కొత్త పుస్తకానికి ఏమైనా రాస్తావా అని అడిగితే, రాయడానికి ప్రస్తుతం ఏమీ లేదంది. పరిగెత్తింది.

ఇక ఈ సంస్థ మేలు గురించి ఇంకా ఎవరికైనా అనుమానముందా? కుందేళ్ళకి వచ్చిన పేరు చూసి, ఈసారి సంకలనమంతా జంతువులతోనే ఉండాలని మేడమ్ నిర్ణయించారు. సర్క్యులర్లు వెళ్ళాయి.

కనుక టీచర్లకు ఒక మనవి. మీరు పంపవలసినవన్నీ పంపండి. తండ్రులు రాసినవి, ట్యూషన్ మాస్టార్లు రాసినవి, ఫోన్లు రాసినవి. బాల్యం మేం చేరుస్తాం. ఆ కట్టలో ఎక్కడైనా నిజంగా ఒక పిల్లో పిల్లవాడో రాసిన కాగితం ఉంటే, దాని మూలన చిన్న చుక్క పెట్టండి. విషయసూచికలో దానికి తగిన జంతువు సంగతి నేను చూసుకుంటాను. అచ్చులో మాత్రం అక్షరం కదలదు. పెద్దవాళ్ళకి తెలిసిపోతుందేమోనని బెంగపడకండి.

తెలియాలంటే వాళ్ళు చదవాలి కదా!